లెక్క వచ్చు, భాష ఇంకా రాలేదు



ఏడో తరగతి సైన్సు పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. మొక్క తన ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో రాయాలి, అయిదు మార్కులు. ఒక పిల్ల చక్కగా బొమ్మ వేసింది. ఆకు, కాండం, వేరు, పైన సూర్యుడు. వేరు నుంచి ఆకు దాకా నీళ్ళు పోయే దారికి బాణం గుర్తు పెట్టింది. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి, ఆక్సిజన్ బయటికి వెళ్తున్నట్టు చూపించింది. బొమ్మ కింద ఇంగ్లీషులో ఇలా రాసింది: ‘లీఫ్ ఈజ్ మేకింగ్ ఫుడ్ బై సన్ లైట్. రూట్ ఈజ్ గివింగ్ వాటర్. గ్యాస్ కమ్, గ్యాస్ గో.’ టీచరు రెండు మార్కులు వేసి, వాక్యాలు సరిగ్గా రాయాలని ఎర్రసిరాతో కింద రాశారు.

ఈ పిల్ల నేను కల్పించుకున్న పిల్లే. కాని మా మాధవరంలో ఏ బడి గుమ్మం ఎక్కినా ఇలాంటి పిల్లలు కనబడతారు. ఆ రెండు మార్కులు ఆ పిల్ల గురించి మనకు ఏం చెబుతున్నాయి? సైన్సు రాదని చెబుతున్నాయా, ఇంగ్లీషు రాదని చెబుతున్నాయా? ప్రోగ్రెస్ కార్డులో మాత్రం అది సైన్సు వరసలోనే పడుతుంది. తండ్రి చూసి, మా అమ్మాయి సైన్సులో వెనకబడిందనుకుంటాడు. సాయంత్రం ట్యూషనులో వేస్తాడు. ట్యూషను మాస్టారు వచ్చిన పాఠమే మళ్ళీ చెబుతాడు. ఆ పిల్లకు కావలసింది అది కాదు.

మాధవరం సంగతి తెలియని శ్రోతల కోసం కాస్త చెబుతాను. చెన్నైకి ఉత్తరాన, జి.ఎన్.టి. రోడ్డు మీద ఉంది ఈ ఊరు. ఆ రోడ్డు పట్టుకుని పోతే రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి, తడ దాటి నెల్లూరు. 2011లో చెన్నై కార్పొరేషనులో కలిసినా, 2018 దాకా తిరువళ్ళూరు జిల్లాలోనే ఉండేది. అదే 2018లో ఆంధ్రా వైపు వెళ్ళే బస్సుల కోసం ఇక్కడ పెద్ద బస్ స్టాండు తెరిచారు. పాల కాలనీ, లారీ షెడ్లు, గోడౌన్లు, పక్కనే మనలి ఫ్యాక్టరీలు. పని దొరికే చోటికి ఆంధ్రా నుంచి జనం వస్తారు, జనంతో పాటు పిల్లలు వస్తారు. నడి సంవత్సరంలో వస్తారు, క్వార్టర్లీ పరీక్షల ముందు కూడా వస్తారు.

వీళ్ళు కాక తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవాళ్ళు దాదాపు 42 లక్షలు. వీళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం మాట్లాడతారు, బళ్ళో ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. ఈ రెండు రకాల పిల్లల్నీ కలిపి తెలుగు పిల్లలు అని ఒకే గాటన కట్టేస్తాం. మార్కుల దగ్గరికి వచ్చేసరికి ఆ కట్టెయ్యడమే చిక్కు తెచ్చిపెడుతుంది. ఎలాగో తరువాత చెబుతాను.

ముందు తమిళం సంగతి. భాష ఇంకా పూర్తిగా రాని పిల్లవాడికి మార్కులు ఎలా వెయ్యాలన్న ప్రశ్న మన రాష్ట్రంలో కోర్టు మెట్లెక్కింది ఇంగ్లీషు వల్ల కాదు, తమిళం వల్ల. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ బోధన చట్టం తెచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతికి పెంచుకుంటూ, తమిళాన్ని అందరికీ తప్పనిసరి చేసింది. మొదటి భాగం తమిళం, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం లెక్కలు, సైన్సు, సోషలు. తెలుగో, కన్నడమో, ఉర్దూయో, మలయాళమో మాతృభాష అయినవాళ్ళు దాన్ని నాలుగో భాగంగా, ఇష్టమైతే చదువుకోవచ్చు. 2006లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చారు. అప్పుడు మొదలైంది గొడవ.

చట్టం కాగితం మీద క్రమంగానే నడిచింది. బళ్ళల్లో అలా నడవలేదన్నది మైనారిటీ భాషల సంఘాల వాదన. తమిళం చెప్పడానికి తగినంతమంది టీచర్లను వెయ్యకుండా, పరీక్ష మాత్రం పెడతామంటే పిల్లలు ఏం రాస్తారని వాళ్ళు అడిగారు. నాలుగో భాగంగా చదివిన మాతృభాష మార్కులు మొత్తంలో కలవకపోతే ఆ చదువుకు విలువేముందనీ అడిగారు. 2016 పరీక్షలకు ముందు మద్రాసు హైకోర్టు దరఖాస్తు పెట్టుకున్న పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. తరువాత ఏడాదికేడాది పొడిగింపులే. తమిళనాడు భాషా మైనారిటీల వేదిక సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఫిబ్రవరిలో ఆ కోర్టు మినహాయింపును మరో ఏడాది పొడిగించింది.

ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. చెన్నైలో పెరిగే తెలుగు పిల్లవాడికి తమిళం రావాలి. వచ్చి తీరాలి. బస్సెక్కాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా, రేపు ఉద్యోగం చెయ్యాలన్నా తమిళం లేకుండా ఈ ఊళ్ళో బతుకు కుంటి నడకే. కాబట్టి మినహాయింపు గెలుపూ కాదు, తమిళం నేర్పడం అన్యాయమూ కాదు. అన్యాయం కొలతలో ఉంది. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తమిళం విన్న పిల్లవాడికీ, మూడేళ్ళ క్రితం కావలి నుంచి వచ్చిన పిల్లవాడికీ ఒకే పేపరు ఇస్తారు. ఒకే 35 మార్కుల గీత గీస్తారు. గీత దాటనివాణ్ణి ఫెయిల్ అంటారు. లేదా మొత్తానికే మినహాయించి, నువ్వు రాయనే అక్కర్లేదంటారు. ఈ రెంటి మధ్యా చాలా చోటుంది. మన చదువుల పద్ధతి ఆ చోటులోకి అడుగే పెట్టలేదు.

తమిళ డిక్టేషను రాసే తెలుగు పిల్లవాడి అవస్థ చూడండి. మనకు క, ఖ, గ, ఘ నాలుగు అక్షరాలు. తమిళంలో నాలుగింటికీ ఒకటే. టీచరు ‘గ’ అని పలికితే పిల్లవాడు ఆ అక్షరం కోసం వెతుక్కుంటాడు, అది లేదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, వాళ్ళవి పొల్లుతో ముగిసేవి ఎన్నో. ‘ల’కూ ‘ళ’కూ తోడు నాలుక వెనక్కి మడిచి పలికే మూడో ధ్వని ఒకటుంది, దానికి వేరే అక్షరం. ఆ ధ్వనిని పాతకాలపు తెలుగు ఎప్పుడో వదిలేసుకుంది. ఈ మూడు రకాల తప్పులూ తెలుగు పిల్లవాడు చెయ్యక తప్పని తప్పులు. టీచరుకు ఇవి తెలిస్తే, అతను తెలివితక్కువ వాడనుకోదు. ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్పగలుగుతుంది. ఇరవై మాటల్లో పన్నెండు తప్పులు రాసి ఎనిమిది మార్కులు తెచ్చుకున్నవాడి తప్పులు పన్నెండూ ఈ రకానివే అయితే, అతనికి తమిళం చెవికి బాగానే అందుతోందన్న మాట.

ఇప్పుడు ఇంగ్లీషు. ఇక్కడ కేసులు లేవు, ఎవరూ కోర్టుకు పోలేదు. ఎందుకంటే ఇంగ్లీషు రాకపోతే తప్పు పిల్లవాడిదేనని మనందరం ఒప్పేసుకున్నాం. ఇంగ్లీషు మీడియం బళ్ళో చేర్పించింది మనమే కదా అన్న మొహమాటం కూడా ఉంటుంది. కాని ఒక్కసారి లెక్కల పేపరు తీసుకుని చూడండి. ‘ఫైండ్ ద డిఫరెన్స్’ అంటే తీసివెయ్యమని. ఇంగ్లీషు పాఠంలో తేడాలు రాయడం నేర్చుకున్న పిల్లవాడు రెండు సంఖ్యల మధ్య తేడాలు మాటల్లో రాస్తాడు. ‘అట్ లీస్ట్’ అన్న మాట దగ్గర చాలామంది బోల్తా పడతారు. ‘హౌ మెనీ మోర్’ అంటే ‘మోర్’ ఉంది కాబట్టి కూడేస్తారు. లాభనష్టాల లెక్కలో ‘మార్క్డ్ ప్రైస్’, ‘డిస్కౌంట్’ అనే మాటలు వస్తాయి. ఆ పిల్లవాడి నాన్న సంతలో అమ్మేవాడైతే రోజూ చేసే పనే అది. ఆదివారం తండ్రి పక్కన కూర్చుని ఏ బుట్ట మీద ఎంత మిగిలిందో నోటితో చెప్పే పిల్లవాడే సోమవారం పరీక్షలో సున్నా తెచ్చుకుంటాడు.

‘బాగానే మాట్లాడుతున్నాడుగా, రాయడానికేం?’ అన్న మాట టీచర్ల గదుల్లో తరచు వినిపిస్తుంది. ఇది చాలా నష్టం చేసే మాట. కెనడాలో జిమ్ కమిన్స్ అనే పండితుడు 1970ల చివరలో ఈ విషయాన్ని పట్టించుకున్నాడు. కొత్త దేశం వచ్చిన పిల్లలకు ఆటల్లో, కబుర్లలో భాష రెండేళ్ళకే వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకం భాష, అంటే కారణాలు చెప్పడం, పోల్చడం, నిర్వచించడం, తోటివాళ్ళతో సమానంగా రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఈ లెక్కన ఏడో తరగతిలో మాధవరం వచ్చిన పిల్లవాడికి పుస్తకాల ఇంగ్లీషు పూర్తిగా అలవడేనాటికి అతను పన్నెండో తరగతిలోనో డిగ్రీలోనో ఉంటాడు. మధ్యలో పదో తరగతి దాటిపోతుంది, పన్నెండో తరగతి కూడా దాటిపోవచ్చు. అంతకాలం అతని మార్కులు అతని సైన్సును చూపిస్తాయా, భాష రావడంలోని ఆలస్యాన్ని చూపిస్తాయా అని మనం అడగాలి.

అమెరికాలో ఈ ప్రశ్న యాభై ఏళ్ళ కిందటే వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలు దాదాపు 1,800 మందికి ఏ సాయమూ లేకుండా ఇంగ్లీషులోనే పాఠాలు చెబుతున్నారని తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. లౌ వర్సెస్ నికల్స్ అన్న ఆ కేసులో 1974లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చిన సంగతి ఇది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే పాఠం ఇచ్చామని చెప్పుకున్నంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదు. అర్థం కాని భాషలో చెప్పిన పాఠం ఆ పిల్లలకు అందినట్టే కాదు. ఈనాడు అక్కడి బళ్ళల్లో పిల్లవాణ్ణి చేర్పించేటప్పుడే ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడుగుతారు. వేరే భాష అంటే ఇంగ్లీషు వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ వేరువేరుగా పరీక్షిస్తారు. చాలా రాష్ట్రాల్లో ఆరు మెట్ల కొలబద్ద ఉంది, పిల్లవాడు ఏటా ఏ మెట్టెక్కాడో ఇంటికి రాసి పంపుతారు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన తెలుగువాళ్ళలో ఆ ఫారంలో ఇంటిభాష ఇంగ్లీషు అని రాసేసేవాళ్ళూ ఉన్నారు, ముద్ర పడుతుందన్న భయంతో. ముద్ర భయం నాకు అర్థమవుతుంది. కాని అలా రాసేస్తే పిల్లవాడికి రావలసిన సాయం పోతుంది, మార్కుల్లో మాత్రం తరుగు మిగులుతుంది.

సరే, సాయం అంటే ఏమిటి? ప్రశ్నలోని భాషను తేలిక చెయ్యడం. కాస్త ఎక్కువ సమయం ఇవ్వడం. కష్టమైన మాటల పట్టిక చేతికివ్వడం. ప్రశ్నను చదివి వినిపించడం. నోటితో జవాబు చెప్పనివ్వడం, బొమ్మతో చెప్పనివ్వడం, ఇంటిభాషలో రాయనివ్వడం. వీటిని నేను వెసులుబాట్లు అంటాను. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందన్నది చూడకుండా అన్నీ అందరికీ ఇస్తే దండుగ. ఇందాక చెబుతానన్న చిక్కు ఇదే. నెల్లూరు జిల్లాలో ఆరో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ‘ఫొటోసింథసిస్’ పక్కన ‘కిరణజన్య సంయోగక్రియ’ అని రాసిస్తే ముఖం వెలుగుతుంది. ఆ పాఠం ఆమె చదువుకున్నదే. మాధవరంలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లకు అదే మాట ఇస్తే రెండు కష్టాలు ఇచ్చినట్టు. ఆమెకు తెలుగు చదవడం రాదు, వచ్చినా కిరణజన్య సంయోగక్రియ అనే మాట ఎప్పుడూ వినలేదు. ఈ రెండో పిల్లకు పనికొచ్చేది చిన్న వాక్యాల ఇంగ్లీషు ప్రశ్నపత్రం, కాకపోతే నోటి పరీక్ష.

క్యాలిఫోర్నియాలో జమాల్ అబేది అనే పరిశోధకుడు తన సహచరితో కలిసి 2001లో ఎనిమిదో తరగతి లెక్కల మీద ఒక పరిశీలన ప్రచురించాడు. లెక్క మార్చకుండా, ప్రశ్నలో మాటలు మాత్రం తేలిక చేశాడు. కర్మణి వాక్యాలు విప్పేశాడు, పొడుగు వాక్యాలు తుంచాడు, అలవాటు లేని మాటలు మార్చాడు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు కొంత మెరుగ్గా చేశారు. పెద్ద తేడా ఏమీ రాలేదు, కాస్త మెరుగే. ఈ ‘కాస్త’ అన్నది నాకు నచ్చింది. వెసులుబాటు ఇస్తే మార్కులు ఉత్తపుణ్యాన వచ్చి పడతాయని భయపడేవాళ్ళకు అది సమాధానం. లెక్క రానివాడికి ప్రశ్న ఎంత తేలిక భాషలో రాసినా లెక్క రాదు.

ఒక హద్దు మాత్రం ఉంది, దాన్ని దాటకూడదు. లెక్కల పరీక్షలో ప్రశ్న తెలుగులో వివరిస్తే లెక్క చెడదు. ఇంగ్లీషు పరీక్షలో చదివి అర్థం చేసుకోమని ఇచ్చిన పాసేజీని తెలుగులో వివరిస్తే అక్కడ పరీక్షించడానికి ఇంకేమీ మిగలదు. ఏది కొలుస్తున్నామో ముందు తేల్చుకోవాలి. దాన్ని ముట్టుకోకుండా దారిలోని అడ్డం తీసేస్తే అది వెసులుబాటు. అసలు కొలిచేదాన్నే తగ్గిస్తే అది వేరే సంగతి. పది పాఠాలకు బదులు నాలుగు పాఠాలే చదవమని, ఆ నాలుగింటి మీద నూటికి తొంభై వేసి, ఆ తొంభైని తక్కినవాళ్ళ తొంభై పక్కన పెడితే ఆ పిల్లవాణ్ణి మోసం చేసినట్టే. వచ్చే ఏడాది ఆ తొంభైని నమ్మిన టీచరును కూడా. తగ్గించవలసిన అవసరం వస్తే తగ్గించండి, కాని కార్డు మీద ఆ మాట రాయండి. వెసులుబాటు మాత్రం కార్డు మీద రాయనక్కర్లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్ష రాసినవాడి మార్కుల పక్కన కళ్ళద్దాలు అని ఎవరూ రాయరు కదా.

తక్కిన పిల్లలకు అన్యాయం జరగదా అని తల్లిదండ్రులు అడుగుతారు. సబబైన ప్రశ్నే. మన సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో దీనికి దగ్గరి ప్రశ్న ఒకటి విన్నది. చేతి వేళ్ళు పట్టేసి రాయలేని అభ్యర్థి సివిల్స్ పరీక్షకు రాతగాడు కావాలన్నాడు. నిబంధనల ప్రకారం అతని వైకల్యం శాతం సరిపోదని యూపీఎస్సీ అన్నది. శాతం పట్టుకుని లేదనడం కుదరదని కోర్టు తీర్పు చెప్పింది. ఎవరో దుర్వినియోగం చేస్తారన్న భయంతో అవసరమున్నవాడికి తలుపు మూయకూడదని కూడా అన్నది. భాష రాకపోవడం వైకల్యం కాదు, ఆ తేడా గట్టిగా పట్టుకోవాలి. భాష వస్తుంది, వెసులుబాటు క్రమంగా తగ్గుతుంది, ఒకరోజు అక్కర్లేకుండా పోతుంది. కాని తీర్పు వెనక ఉన్న ఆలోచన ఇక్కడికీ పనికొస్తుంది. పరీక్ష కొలవవలసింది అభ్యర్థికి తెలిసినదాన్ని. అడ్డం తీసెయ్యడం బహుమానం ఇవ్వడం కాదు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ మార్గం కొంత పడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ళల్లో 2020 తరువాత ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. తెలంగాణలో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు కూడా అలాగే రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. 2025 మార్చి పదో తరగతి పరీక్షల్లో ఆంధ్రప్రదేశ్ ఇంగ్లీషు మీడియం పిల్లలు కావాలంటే తెలుగులో జవాబులు రాసుకోవచ్చన్నారు. రాజకీయంగా దీన్ని ఎవరెలా వాడుకున్నా, మార్కుల కోణంలో ఇది మంచి పని. పిల్లవాడికి తెలిసిన సైన్సు అతనికి వచ్చిన భాషలో బయటికి రానిచ్చింది. తమిళనాడు పదో తరగతిలో కూడా లెక్కలు, సైన్సు ప్రశ్నపత్రాలు తమిళంలో, ఇంగ్లీషులో పక్కపక్కనే అచ్చువేస్తారు. మొదటి పది నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికి ఇస్తారు. ఈ పది నిమిషాలు అందరికీ ఇచ్చే వెసులుబాటే. ఎవరూ దాన్ని అన్యాయం అనలేదు.

పబ్లిక్ పరీక్ష మన చేతుల్లో లేదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు మాత్రం బడి చేతుల్లో ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను రెండు మాటలు చెప్పింది. వీలైనంతవరకు పిల్లవాడి మాతృభాషలో బోధించాలన్నది ఒకటి. పిల్లవాడికి ఎంత అర్థమైందో, దాన్ని ఎంత వాడుకోగలుగుతున్నాడో నిరంతరం, అన్ని వైపుల నుంచీ చూడాలన్నది రెండోది. ఈ పద్ధతిలో ఏడాది చివరి రాత పరీక్ష ఒక్కటే కాదు, తరగతి గదిలో చేసే పనులకూ, ప్రాజెక్టులకూ, నోటి జవాబులకూ, చార్టులకూ మార్కులుంటాయి. కాని ఆ మార్కులు ఎలా వేస్తున్నారో మీకూ తెలుసు. చార్టు ఎంత అందంగా ఉందో చూసి వేస్తారు. అందరికీ ఒకటే అంకె వేసి పారేసేవాళ్ళూ లేకపోలేదు. భాష ఇంకా రాని పిల్లవాడి సైన్సు ఎంతో కొలవడానికి దొరికిన ఆ చోటును అట్టముక్కలకీ, మెరుపు కాగితాలకీ ఖర్చు పెట్టేస్తున్నాం.

నలభైమంది పిల్లలున్న టీచరుకు ఇదంతా ఎలా కుదురుతుంది? నిజమే, ప్రతి పిల్లకూ వేరే పేపరు తయారుచెయ్యమనడం అన్యాయం. కాని కొత్తగా వచ్చిన పిల్లలు తరగతికి నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్ళ జవాబుపత్రాలు దిద్దేటప్పుడు రెండు అంకెలు వెయ్యడం కుదిరే పనే. ఒకటి విషయానికి, ఒకటి భాషకు. ఇందాకటి మొక్క ప్రశ్నకు సైన్సులో నాలుగు వెయ్యండి. సూర్యకాంతి, నీరు, వాయువులు, ఆహారం అన్నీ ఉన్నాయి, పత్రహరితం ఒక్కటే మర్చిపోయింది. భాష గడిలో రెండు వెయ్యండి. సైన్సు వరసలో నాలుగే పడాలి. ఆ రెండు ఇంగ్లీషు టీచరుకు అందాలి. ఎందుకంటే గాలి వచ్చిపోవడాన్ని ఒక వాక్యంలో చెప్పడం నేర్పవలసింది ఆమె. పత్రహరితం గుర్తుచెయ్యవలసింది సైన్సు టీచరు. మార్కు ఎవరికి పని పెడుతోందో తెలిస్తేనే ఆ మార్కుకు ప్రయోజనం.

సగటు సంగతి ఇంకోటి. జూన్‌లో చేరిన పిల్లకు మొదటి పరీక్షలో ఇరవై, రెండోదాంట్లో నలభై, చివరిదాంట్లో అరవై అయిదు వచ్చాయనుకోండి. మూడూ కలిపి మూడుతో భాగిస్తే నలభై ఒకటి, చిల్లర. ఏప్రిల్‌లో ఆ పిల్ల నలభై ఒకటి దగ్గర లేదు, అరవై అయిదు దగ్గర ఉంది. భాష తెలియక మొదట్లో పోయిన మార్కుల్ని ఏడాది పొడుగునా మోయించడం నాకు సమంజసంగా తోచదు. చివరి పరీక్షకు ఎక్కువ బరువు పెట్టాలి. లేదా మొదటి మూడు నెలల మార్కుల్ని చూసుకోవడానికి మాత్రమే ఉంచుకుని, మొత్తంలో కలపకూడదు. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, హెడ్మాస్టరు ఒప్పుకుంటే చాలు. రేపటి రేంకు కార్డులో ఎవరు ఎన్నో రేంకు అన్న పిచ్చి ముదిరిన బళ్ళల్లో ఆయన ఒప్పుకోవడం కష్టమే. అయినా అడిగి చూడాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పేరెంట్స్ మీటింగుకు వెళ్ళినప్పుడు ‘మావాడికి ఎన్ని మార్కులండీ?’ అని అడిగి వచ్చెయ్యకండి. జవాబుపత్రం చేతికి తీసుకోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని, తప్పయిన ప్రశ్న ఒకటి చూపించి, ఇది ఏమడిగిందిరా, నువ్వేం రాయాలనుకున్నావు, తెలుగులో చెప్పు అనండి. గడగడా చెప్పేస్తే, అది సైన్సు తప్పు కాదని మీకే తెలుస్తుంది, పక్కనున్న టీచరుకూ తెలుస్తుంది. నీళ్ళు నమిలితే, పాఠమే అర్థం కాలేదని తెలుస్తుంది. అప్పుడు కావలసిన సాయం వేరు. మీరు బళ్ళో తెలుగు మాట్లాడడానికి మొహమాటపడకండి. మాధవరంలో టీచర్లలో చాలామందికి తెలుగు చెవిన పడగానే అర్థమవుతుంది, వాళ్ళు తమిళంలో బదులిస్తే మీకూ అర్థమవుతుంది. ఈ ఊరికి అది అలవాటైన సంభాషణే.

టీచర్లకు కూడా చిన్న పని ఒకటి చెప్పి ముగిస్తాను. హాఫ్ ఇయర్లీ డిసెంబరులో ఉంటుంది. పేపరు తయారుచేసేముందు, లెక్కల ప్రశ్నలన్నీ ఒకసారి పైకి చదవండి. ఒక్క ఊపిరిలో చదవలేని ప్రశ్నను రెండుగా తుంచండి. ‘అట్ లీస్ట్’ లాంటి మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ మాటలన్నీ పరీక్షకు వారం ముందే బోర్డు మీద రాసి, ఒక్కోదానికీ ఒక లెక్క చేసి చూపించండి. కొత్తగా వచ్చిన పిల్లలకే కాదు, ఇక్కడే పుట్టిన తమిళ పిల్లలక్కూడా ఆ మాటలు అంత బాగా రావని మీకు అప్పుడే తెలుస్తుంది.